నాన్న సంరక్షణకు డబ్బు ఎక్కడి నుంచి? మా ఇంట్లో జరిగింది

నాన్నకి పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు ఉందని 2021 చివర్లో తెలిసింది. దాదాపు మూడేళ్ళ పాటు మాత్రలతోనే నెట్టుకొచ్చాం. 2024 ఆగస్టులో బాత్రూంలో జారి పడ్డారు. అదే నెలలో అర్ధరాత్రి లేచి, వరండాలో ఎవరో నిలబడ్డారంటూ గేటు తాళం తీయడం మొదలైంది. సికింద్రాబాద్‌లో ఎప్పుడూ చూపించే న్యూరాలజిస్ట్ పరీక్షలు చేసి, జ్ఞాపకశక్తి మీద కూడా దెబ్బ పడుతోందని చెప్పారు. "ఇక ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. ఇది ఏళ్ళ తరబడి నడుస్తుంది. మనిషిని పెట్టుకోండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఎన్నాళ్ళు వస్తుందో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే" అన్నారు.

డాక్టర్ నోట డబ్బు మాట వినేసరికి ఆ రోజు మనసు చివుక్కుమంది. ఆయన చెప్పిన ఆఖరి మాట మాత్రం మమ్మల్ని కాపాడింది. అప్పటి నుంచి ఈ 2025 డిసెంబర్ దాకా ఏం చేశామో, ఎక్కడ ఎంత ఆగామో, ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళకి పనికొస్తుంది.

నాన్నకి అప్పుడు 74, అమ్మకి 68. కుషాయిగూడలో 150 గజాల్లో సొంత ఇల్లు. కింద వాళ్ళిద్దరూ, పై పోర్షన్ అద్దెకి. నాన్న మౌలాలిలో ఒక ఫ్యాక్టరీ టూల్ రూంలో పనిచేసి రిటైరయ్యారు. గవర్నమెంట్ పెన్షన్ కాదు, పీఎఫ్ వాళ్ళ పెన్షన్ నెలకి 2,900. అన్నయ్య బెంగళూరులో ఉంటాడు. నేను నాచారంలో ఉంటాను, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను.

ముందు మనిషి దొరకాలి కదా. ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర ఒక ఏజెన్సీకి వెళ్ళాం. 12 గంటలకైతే నెలకి 19,000, 24 గంటలకైతే 27,000, తిండి మనదే. రిజిస్ట్రేషన్ అని 3,000, నెల జీతం ముందే. ఆగస్టు ఆఖరి వారంలో మనిషి వచ్చాడు. పది రోజులకే ఊరెళ్ళిపోయాడు. రెండో అతన్ని పంపడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆ రోజుల్లో రాత్రిళ్ళు నేను, పగలు అమ్మ.

అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఒకటుంది. 24 గంటల మనిషి అంటే 24 గంటలూ మేలుకుని ఉండే మనిషి కాదు. అతనికీ రాత్రి ఆరేడు గంటల నిద్ర కావాలి. నాన్న రాత్రికి నాలుగుసార్లు లేస్తారు. అలా లేపుతూ పోతే వాళ్ళు నెలలోపే మానేస్తారు. అందుకని రాత్రి ఒంటి గంట దాకా అమ్మ, ఆ తర్వాత అతను అని పంచుకున్నాం. దీన్ని ఎవరూ ఖర్చుల్లో రాయరు. అమ్మ నిద్ర కూడా ఈ లెక్కలో ఒక పద్దే.

మూడోసారి వచ్చిన శ్రీకాకుళం కుర్రాడు ఇప్పటికీ ఉన్నాడు. నాన్నని మంచం మీద నుంచి లేపేటప్పుడు చేతులు పట్టి లాగడు. ముందు ఆయన పాదాలు నేల మీద ఆనేలా చూసి, మోకాళ్ళకి తన మోకాళ్ళు అడ్డుపెట్టి, "పెదనాన్నా, ముందుకి వంగండి, ఒకటీ రెండూ మూడూ" అంటాడు. నాన్న కూడా ఆ అంకెలు పలుకుతూ లేస్తారు. అంకె వినబడకపోతే అడుగు పడదు. ఈ పని తెలిసిన మనిషికి 27,000 ఎక్కువని నేనెప్పుడూ అనుకోలేదు. అందులో అతని చేతికి ఎంత వెళ్తుందో మాత్రం ఏజెన్సీ చెప్పదు. నేరుగా మనమే పెట్టుకుందామంటే ఒప్పందం కాగితంలో జరిమానా రాసి ఉంది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మొత్తం చదవండి. సెలవులకి, పండగలకి బదులు మనిషి వస్తాడా రాడా అన్నది కూడా అందులోనే ఉంటుంది.

సెప్టెంబర్ 7, వినాయక చవితికి అన్నయ్య, వదిన వచ్చారు. పూజయ్యాక మధ్యాహ్నం బీరువాలో కాగితాలన్నీ తీసి చాప మీద పరిచాం. రెండు బ్యాంకుల్లో కలిపి 19 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో 15 లక్షలు, 2021 మార్చిలో వేసినవి. అప్పుడు ఆ స్కీం గరిష్ఠ పరిమితి అంతే, వడ్డీ 7.4 శాతం. మూడు నెలలకోసారి 27,750 వస్తుంది. అయిదు లక్షల హెల్త్ పాలసీ ఒకటి. ఇల్లు.

బాగానే ఉంది కదా అనుకున్నాం. అమ్మ అప్పుడు అడిగింది: "ఇందులో నేను వెళ్ళి తీసుకోగలిగింది ఏదైనా ఉందా?"

లేదు. డిపాజిట్లన్నీ నాన్న ఒక్కరి పేరునే ఉన్నాయి. అన్నింటికీ నామినీ అమ్మే. నామినీ అంటే నాన్న పోయాక డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్నది మాత్రమే. ఆయన బతికి ఉండగా నామినీకి ఒక్క రూపాయి తీసే హక్కు లేదు. నాన్న సంతకం ఆగిపోయిన రోజు, ఆయన సంరక్షణ కోసమే దాచిన డబ్బు ఆయన కోసమే బయటికి రాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఖర్చు గురించి కాదు, ఆ సంతకం గురించే టెన్షన్.

సెప్టెంబర్ అంతా ఇన్సూరెన్స్ చుట్టూ గడిచింది. అది తొందరగానే తేలిపోయింది. పాలసీ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను, కంపెనీకి మెయిల్ కూడా పెట్టాను. ఆసుపత్రిలో చేరితే ఇస్తారు. ఆసుపత్రిలో పెట్టాల్సిన చికిత్సనే డాక్టర్ చెప్తే ఇంట్లో చేయిస్తే కొన్ని షరతులతో ఇస్తారు. స్నానం చేయించడానికి, తినిపించడానికి, పక్కన ఉండటానికి పెట్టుకునే మనిషికి ఇవ్వరు. మా ఆఫీసు గ్రూప్ పాలసీలోనూ అంతే. అచ్చంగా ఇలాంటి దీర్ఘకాల సంరక్షణ కోసమే అమ్మే పాలసీ ఏదైనా ఉందేమోనని ఇద్దరు ఏజెంట్లని అడిగాను. 74 ఏళ్ళ మనిషికి, జబ్బు తేలాక, అమ్మేవాళ్ళు దొరకలేదు. 70 దాటిన వాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన పథకం 2024 అక్టోబర్‌లో మొదలైంది. అది కూడా ఆసుపత్రి ఖర్చుకే.

అయినా పాత పాలసీ ఆపలేదు. పడిపోయి తుంటి ఎముక విరిగితే ఒక్క ఆపరేషన్ ఉన్న డబ్బంతా ఊడ్చేస్తుంది. అక్టోబర్‌లో రెన్యువల్‌కి 52,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 61,360 కట్టాం.

ఇక బ్యాంకులు. నేను ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే.

దసరా ముందు నాన్నని కారులో మొదటి బ్యాంకుకి తీసుకెళ్ళాం. ఖాతాలో అమ్మ పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా మార్చాలని అడిగాం. ఫారం ఇచ్చారు. నాన్న సంతకం పెట్టారు. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ మీద పాత సంతకంతో పోల్చి, "కలవట్లేదు సార్, మళ్ళీ పెట్టండి" అంది.

నాన్నది టూల్ రూం చేతిరాత. డ్రాయింగుల మీద కొలతలు రాసి రాసి, అచ్చు వేసినట్టు నిటారుగా ఉండేది. ఈ జబ్బులో అక్షరం రానురాను చిన్నదవుతుందట. మొదటి అక్షరం మామూలుగానే వచ్చింది. రెండోది సగం. నాలుగో అక్షరానికి వచ్చేసరికి గీత చీమంత అయిపోయి గడి మూలకి జరిగిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ. వెనకాల వరసలో వాళ్ళు చూస్తున్నారు. నాన్న పెన్ను బల్ల మీద పెట్టి అమ్మ వైపు చూశారు. "ఇవాళ్టికి చాలు, పదండి" అని అమ్మ లేచింది.

మరుసటి రోజు నేనొక్కదాన్నే వెళ్ళి మేనేజర్‌తో మాట్లాడాను. సంతకం పెట్టలేని పెద్దవాళ్ళ విషయంలో రిజర్వ్ బ్యాంక్ సూచనలు ఉన్నాయి. వేలిముద్ర తీసుకోవచ్చు, చెయ్యి పనిచేయకపోతే కాలి బొటనవేలి ముద్రైనా తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వాళ్ళలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. 70 దాటిన వాళ్ళకి, నడవలేని వాళ్ళకి ఇంటికొచ్చి సేవలందించాలని కూడా ఉంది. ఈ మాట చెప్పి, న్యూరాలజిస్ట్ రాసిచ్చిన లెటర్ చూపించాను. అందులో రెండు వాక్యాలు ముఖ్యం: చేతి వణుకు వల్ల సంతకం మారింది, తాను ఏం చేస్తున్నదీ ఆయనకి అర్థమవుతోంది. ఈ రెండోది లేకపోతే మేనేజర్ కూడా ఏమీ చేయలేడు. మతి స్థిమితం లేదన్న అనుమానం వస్తే వేలిముద్ర కూడా చెల్లదు.

దాదాపు రెండు వారాలు ఆగాక, దీపావళి ముందు ఒక అధికారి ఇంటికొచ్చారు. ఫారంలో ఏముందో చదివి, "మీ డబ్బు మీ ఆవిడ కూడా తీసుకోవచ్చని రాస్తున్నాం, మీకిష్టమేనా?" అని నాన్ననే అడిగారు. నాన్న తడుముకోకుండా "ఆమెదే కదా" అన్నారు. ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు ఆనించారు. పక్కింటి అంకుల్ రెండో సాక్షి. అధికారి వెళ్ళిపోయాక అమ్మ కొబ్బరినూనె రాసి ఆ వేలి సిరా తుడుస్తూ చాలాసేపు కూర్చుంది.

రెండో బ్యాంకు ఇలా సాగలేదు. పేరు రాయను. మనిషిని ఇంటికి పంపే పద్ధతి తమ బ్రాంచిలో లేదన్నారు. హెడ్డాఫీసుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాక నెలకి పైగా పట్టింది. నోటితో అడిగితే కాని పని కాగితం మీద అడిగితే అయింది. రసీదు వేయించుకోండి.

పోస్టాఫీసు స్కీంలో భార్యాభర్తలు తప్ప ఇంకెవరూ జాయింట్‌గా ఉండటానికి వీల్లేదు. నాన్న ఖాతా ఒక్కరి పేరున తెరిచింది. దాని వడ్డీ పడే సేవింగ్స్ ఖాతాని జాయింట్ చేయించి అక్కడితో ఆగాం. మధ్యలో మూసి, అప్పుడున్న 8.2 శాతానికి కొత్తగా వేద్దామా అని లెక్క చూశాను. రెండేళ్ళు దాటాక మూస్తే అసలులో ఒక శాతం, అంటే 15,000 పోతుంది. ఎక్కువ వచ్చేది ఏడాదికి 12,000. ఇంక ఏడాదిన్నరలోపే గడువు. ఆ మిగిలే రెండు మూడు వేల కోసం నాన్నని మళ్ళీ క్యూలో నిలబెట్టలేను. వదిలేశాం.

డిపాజిట్లలో 15 లక్షలు తీసి 2024 డిసెంబర్‌లో అమ్మ పేరున అదే స్కీంలో వేశాం. 2023 ఏప్రిల్ నుంచి పరిమితి మనిషికి 30 లక్షలు అయింది. 8.2 శాతం చొప్పున మూడు నెలలకి 30,750. నాన్న డబ్బు అమ్మ పేరున పెట్టినా ఆ వడ్డీ నాన్న ఆదాయంలోనే కలుస్తుందని మా ఆఫీసు సీఏ చెప్పారు. వాళ్ళకి పన్ను పడేంత ఆదాయం లేదు కాబట్టి ఇబ్బంది లేదు. డిపాజిట్ గడువుకి ముందే తీసినందుకు ఒక శాతం వడ్డీ కోత పడింది. మిగిలిన నాలుగు లక్షలు అత్యవసరానికి జాయింట్‌లో ఉంచాం.

పీఎఫ్ పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ కూడా అప్పుడే. మీసేవలో నాన్న వేలిముద్రలు మెషిన్ తీసుకోలేదు. ఇంట్లో ఫోన్‌లో ముఖం చూపించే జీవన్ ప్రమాణ్ పద్ధతిలో చేశాం. కళ్ళు ఆర్పమంటుంది. పార్కిన్సన్స్ మనిషి కళ్ళు ఆర్పడం తక్కువ. కిటికీ పక్క వెలుతురులో కూర్చోబెట్టి ఓపిగ్గా చేస్తే అయింది.

డిసెంబర్‌లో లాయర్ దగ్గరికి వెళ్ళాం. ఒక జీపీఏ, అంటే నాన్న తరఫున పనులు చేసే అధికార పత్రం, రాయించుకుంటే అన్ని తలనొప్పులూ పోతాయని బంధువులంతా అన్నారు. లాయర్ ఒప్పుకోలేదు. ఆ అధికారం ఇచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే, కాంట్రాక్ట్ చట్టం 201 సెక్షన్ ప్రకారం జీపీఏ అక్కడితో రద్దవుతుంది. మనకి అది అవసరమయ్యే రోజే అది పనికిరాకుండా పోతుందన్నమాట. ఆ తర్వాత కోర్టుకి వెళ్ళి గార్డియన్‌గా నియమించమని అడగడమే దారి. వింటుంటే కాళ్ళు చల్లబడ్డాయి.

ఇల్లు ఇప్పుడే పిల్లల పేరున గిఫ్ట్ రాసేయమని మేనమామ సలహా. తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న షరతు రాసి ఉంటే, చూసుకోకపోతే ఆ గిఫ్ట్‌ని 2007 నాటి తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల సంక్షేమ చట్టం కింద రద్దు చేయించవచ్చు. అయినా అమ్మ ఉంటున్న ఇల్లు అమ్మ బతికుండగా మా పేరున ఎందుకు? ఈ విషయంలో నేను, అన్నయ్య ఒక్క మాట మీద ఉన్నాం. వీలునామా చాలనుకున్నాం, ఇల్లు పూర్తి హక్కులతో అమ్మకి. డాక్టర్ సర్టిఫికెట్ అదే వారంలో తెచ్చాం. లాయర్ ఫీజు, టైపింగ్ కలిపి 12,000 అయింది. 2025 జనవరి మొదటి వారంలో కాప్రా సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళాం. పొద్దున 11కి నాన్న తెరిపిన ఉంటారు, మాత్ర పనిచేసే గంట అది. లాయర్‌కి ఆ సంగతి ముందే చెప్పి సమయం సర్దుకున్నాం. బయటికొచ్చాక కారులో నాన్న అన్నారు: "మీ అమ్మ ఎవరి ముందూ చెయ్యి చాపకూడదు." ఈ మధ్య ఆయన నోట అంత పొడుగు మాట అదే.

సంక్రాంతికి శ్రీకాకుళం కుర్రాడు ఊరెళ్ళాడు. బదులు మనిషికి ఏజెన్సీ రోజుకి 1,500 అడిగింది. పండగ నెలలకి నాలుగైదు వేలు ఎక్కువ పెట్టుకోవాలని అప్పుడే రాసుకున్నాను.

నెల లెక్క ఇలా తేలింది. వచ్చేది: పెన్షన్ 2,900, నాన్న స్కీం నుంచి నెలకి 9,250, అమ్మది 10,250, పై పోర్షన్ అద్దె 14,000. అన్నీ కలిపి 36,400. పోయేది: మనిషికి 27,000, మందులకి 7,500, ఫిజియోథెరపీ వారానికి మూడుసార్లు లెక్కన 6,000, డయాపర్లు, షీట్లు 4,500, ఇల్లు గడవడానికి 20,000. కలిపి 65,000. నెలకి 28,600 లోటు. నాలుగు లక్షల నిల్వ దీనికి ఏడాదిన్నర కూడా ఆగదు.

ఫిబ్రవరి నుంచి రివర్స్ మార్ట్‌గేజ్ గురించి తిరిగాను. 60 దాటిన వాళ్ళు సొంతింటిని తాకట్టు పెడితే బ్యాంకే నెలనెలా డబ్బిస్తుంది. వాళ్ళిద్దరిలో ఒక్కరైనా ఆ ఇంట్లో ఉన్నంతకాలం తిరిగి కట్టక్కర్లేదు. 2007-08 బడ్జెట్‌లో ప్రకటించిన పథకం ఇది. వచ్చే డబ్బు మీద ఆదాయపు పన్ను లేదు. మొదటి బ్రాంచిలో ఎవరూ వినలేదు, హోం లోన్ ఫారం చేతికిచ్చారు. ఇంకో చోట మేనేజర్‌కి తెలుసు. కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఇంటి విలువ 80 లక్షలనుకుంటే అందులో 60 శాతం, అంటే 48 లక్షలు. ఆ 48 లక్షల్లో వడ్డీ కూడా ఉంటుంది. 10.5 శాతం వడ్డీకి 15 ఏళ్ళు తీసుకుంటే నెలకి సుమారు 11,000. అంటే చేతికొచ్చేది 20 లక్షల లోపు, మిగతా 28 లక్షలు వడ్డీ. పదేళ్ళకే తీసుకుంటే నెలకి 22,700 దాకా వస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఇద్దరూ ఆ ఇల్లు వదిలి శాశ్వతంగా వేరే చోటికి, అంటే వృద్ధాశ్రమానికో పిల్లల దగ్గరికో మారితే అప్పు అప్పుడే కట్టేయాలి. సంరక్షణ కోసం తీసుకున్న అప్పు, సంరక్షణ కోసం ఇల్లు మారిన రోజే మీద పడుతుంది. పైగా మా పై అంతస్తుకి పర్మిషన్ లేదు. 2015లో క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టారు, అది కోర్టు కేసుల్లో ఉండిపోయింది. దాంతో మా లోన్ పని బ్యాంకు వాళ్ళ లీగల్ ఒపీనియన్ దగ్గరే ఆగింది. ఏప్రిల్ చివర్లో, అద్దెకున్న భాగాన్ని కూడా లెక్కలోకి తీసుకోలేమని ఫోన్ వచ్చింది. ఇల్లు ఆస్తే కానీ నెల ఖర్చుకి వెంటనే అక్కరకొచ్చే ఆస్తి కాదని అర్థమైంది.

మే నెలలో వికలాంగుల కార్డుకి ప్రభుత్వ యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేశాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది. శిబిరానికి పిలుపు రావడానికి నెలన్నర, ఆ తర్వాత కార్డుకి ఇంకొన్ని వారాలు. తల్లిదండ్రుల్ని పోషించే వాళ్ళకి ఆదాయపు పన్ను చట్టం 80డీడీ సెక్షన్ కింద, ఆదాయంలో 75,000, తీవ్ర వైకల్యం ఉంటే 1,25,000 తగ్గించి పన్ను లెక్కేస్తారు. అయితే అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. అన్నయ్య, నేను ఇద్దరం కొత్త విధానంలో ఉన్నాం. మాకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. మీరు పాత విధానంలో ఉంటే తప్పకుండా చేయించండి.

ఆగస్టులో కొంపల్లి వైపు, శామీర్‌పేట వైపు సంరక్షణ కేంద్రాలు చూసి వచ్చాం. నెలకి 35,000 నుంచి 50,000. డిపాజిట్ లక్ష, అందులో కొంత తిరిగి ఇవ్వరు. డయాపర్లు, డాక్టర్ విజిట్, ఆసుపత్రికి తీసుకెళ్తే వెంట మనిషి, అన్నీ విడిగా. ఒకచోట ముక్కులో ట్యూబు పెట్టిన వాళ్ళని తీసుకోరు. తీరా కష్టం ముదిరినప్పుడు పనికిరాని చోటు ఎందుకు? అమ్మ కారు దిగలేదు. "మీరు చూసి రండి" అంది. మేం వచ్చాక కూడా ఏమీ అడగలేదు. ఆ రోజు నేను కూడా ఏమీ చెప్పలేకపోయాను.

దసరాకి అన్నయ్య వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి అమ్మనీ కూర్చోబెట్టి మాట్లాడాం. అంత తేలిగ్గా సాగలేదు. వారానికి మూడు రోజులు అక్కడే ఉంటున్నదాన్ని నేను. దూరంగా ఉన్నందుకు డబ్బు తామే ఎక్కువ పెట్టాలా అని వదిన మనసులో. రెండూ న్యాయమే. గొంతులు లేచాయి కూడా. చివరికి తేలింది ఇది: అన్నయ్య నెలకి 16,000, నేను 9,000. మిగిలిన మూడు వేల ఆరు వందలు నిల్వలోంచి. మేమిద్దరం పెట్టేదంతా అమ్మ దగ్గరున్న లెడ్జర్‌లో రాసి, ప్రతి నెలా ఇద్దరం సంతకం పెడతాం. రేపెప్పుడైనా ఇల్లు అమ్మితే, ముందు ఆ లెక్క తీరాకే వాటాలు. ఇంటి ఖర్చు ముందు అమ్మానాన్నల డబ్బుతోనే జరగాలని, పిల్లలది ఆ తర్వాతేనని నేను పట్టుబట్టాను. డబ్బుండి కూడా పిల్లలకి మిగల్చాలని మందుల దగ్గర, మనిషి దగ్గర కోత పెట్టుకునే తల్లుల్ని చూశాను. అమ్మ డయాపర్లు లెక్కపెట్టి వాడటం కూడా చూశాను. ఇప్పుడు మానేసింది.

అదే నెలలో పాలసీ రెన్యువల్ వచ్చింది. ప్రీమియం 56,000 అయింది కానీ సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి కిందటేడు కన్నా తక్కువే కట్టాం. సీనియర్ల ప్రీమియం ఏడాదిలో పది శాతం మించి పెంచాలంటే కంపెనీ బీమా నియంత్రణ సంస్థని ముందు సంప్రదించాలన్న నిబంధన కూడా 2025 జనవరి నుంచి ఉంది. మీ నోటీసులో ఎక్కువ కనబడితే అడగండి.

మందుల్లో కొన్ని డాక్టర్‌ని అడిగి జన ఔషధి షాపుకి మార్చాం. పార్కిన్సన్స్ మాత్ర మాత్రం మార్చవద్దన్నారు, పాత కంపెనీదే వాడుతున్నాం. ఏజెన్సీ జనవరి నుంచి 29,000 అంటోంది. ఆ రెండు వేలు ఎవరు పెట్టాలో ఇంకా మాట్లాడుకోవాలి.

2026 మార్చిలో నాన్న పోస్టాఫీసు ఖాతా గడువు తీరుతుంది. ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలోకి తేవడానికి నాన్న వేలిముద్ర కావాలి. పోస్ట్‌మాస్టర్‌ని ఇప్పుడే కలిసి, ఏ ఫారాలు కావాలో రాయించుకుని వచ్చాను. జనవరిలో న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ఉంది, కొత్త లెటర్ అప్పుడు తీసుకుంటాను. వచ్చిన 15 లక్షల్లో 10 అమ్మ పేరున స్కీంలో, 5 నిల్వలో. ఆ నిల్వ రెండు లక్షలకి దిగిన రోజు ఇల్లు అమ్మి, లిఫ్ట్ ఉన్న చిన్న ఫ్లాట్‌కి మారడం గురించి మాట్లాడదామని అమ్మ తనంతట తనే లెడ్జర్ మొదటి పేజీలో రాసింది.